బడి పేరు పెట్టుకున్న పండు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"నీ ఉద్యోగం గురించి మాట్లాడు" అని కార్యదర్శి గారు అడిగారు. నా ఉద్యోగం పంపులు, వాల్వులు, కంప్రెసర్లు. వాటి గురించి ఇరవై నిమిషాలు మాట్లాడితే వచ్చే సమావేశానికి సగంమంది రారు. అందుకని ఆ ఉద్యోగం నన్ను తీసుకెళ్ళిన దేశం గురించి చెబుతానని ఒప్పించాను. థాయ్‌లాండ్ తూర్పు తీరంలో రయోంగ్ అనే పారిశ్రామిక ప్రాంతంలో కొన్నేళ్ళు పనిచేశాను. థాయ్‌లాండ్ అనగానే మనవాళ్ళకు బ్యాంకాక్, పట్టాయా గుర్తుకొస్తాయి. ఆ రెండూ మీలో చాలామంది చూసే ఉంటారు. నేను చెప్పబోయేది మిగతా దేశం గురించి. అక్కడి పండ్ల గురించి, చిన్న ఊళ్ళ మ్యూజియాల గురించి. చివర్లో మన బడి దగ్గరికి వస్తాను, ఒక ప్రతిపాదన ఉంది.

ముందు పేర్ల సంగతి. తెలుగువాడు థాయ్‌లాండ్ పటం ముందు పెట్టుకుంటే సగం ఊళ్ళు చుట్టాల్లా కనిపిస్తాయి. అయుత్తయ మన అయోధ్య. కాంచనబురి కాంచనపురి. చంతబురి చంద్రపురి. ఫిత్సనులోక్ విష్ణులోకం. నఖోన్ సి తమ్మరాత్ నగర శ్రీ ధర్మరాజ. సూరత్ థానీకి ఆ పేరు గుజరాత్‌లోని సూరత్ మీద 1915లో అప్పటి రాజు పెట్టింది. అక్కడి నది పేరు కూడా తాపీయే. వాళ్ళ అక్షరమాల కూడా మనలాగే క, ఖ, గ, ఘ వరుసలో సాగుతుంది. ఆ లిపీ మన లిపీ రెండూ బ్రాహ్మి సంతానమే. దక్షిణ భారతపు పల్లవ లిపి ఖ్మేర్ల దగ్గరికి వెళ్ళి, అక్కడి నుంచి థాయ్ లిపి అయింది. ఉచ్చారణ మారిపోవడం వల్ల చెవికి దొరకదు, కాగితం మీద రాసి చూపిస్తే దొరుకుతుంది.

గురువులు కూర్చున్నారు కాబట్టి ఇంకో మాట. థాయ్ భాషలో పంతులు గారిని 'ఖ్రూ' అంటారు. అది మన గురువే. కళాశాల అధ్యాపకుడు 'ఆచాన్', అంటే ఆచార్యుడు. ఏటా బడులు తెరిచిన కొత్తలో, సాధారణంగా జూన్‌లో ఒక గురువారం నాడు, 'వాయ్ ఖ్రూ' అని గురువందనం చేస్తారు. గురువారమే ఎందుకంటే, వాళ్ళకూ అది బృహస్పతి వారమే. ఆ రోజు పిల్లలు పళ్ళెంలో పెట్టి తెచ్చేవి ఏమిటో తెలుసా? నూరువరహాల పూలు, గరిక, వంగపువ్వు. నూరువరహాల మొగ్గ సూదిలా ఉంటుంది కనుక బుద్ధి అంత పదునుగా ఉండాలని. గరిక ఎంత తొక్కినా అల్లుకుపోతుంది కనుక ఓర్పు, విద్య అలా పెరగాలని. వంగపువ్వు కిందికి వంగి ఉంటుంది కనుక వినయం. మూడూ మన బడి దొడ్లో దొరికేవే. వచ్చే గురుపూజోత్సవానికి ఇప్పటి పిల్లలు దండల ఖర్చు తగ్గించుకోవచ్చు.

ఇక పండ్లు. రయోంగ్ నుంచి వంద కిలోమీటర్లు తూర్పుగా వెళితే చంతబురి వస్తుంది. మే, జూన్ నెలల్లో ఆ దారి పొడవునా రోడ్డు పక్కన దురియన్, మంగుస్తాన్, రాంబుటాన్ రాసులు. దురియన్ చూడడానికి చిన్న సైజు పనసకాయ, ముళ్ళు మాత్రం నిజం ముళ్ళు. దాని వాసన గురించి మీరు విన్నవన్నీ నిజమే. హోటళ్ళలో, విమానాల్లో దాన్ని తీసుకురావద్దని బొమ్మ వేసి బోర్డు పెడతారు. మన ఇళ్ళలో పనసపండు కోసినప్పుడు సగంమంది వంటింట్లోకి, సగంమంది వీధిలోకి వెళతారు చూడండి, అదే తంతు, నాలుగింతలు ఎక్కువ.

ఇంజనీరుగా నాకు నచ్చింది దాన్ని కోసే పద్ధతి. కొనేవాడికి ఎక్కువగా దొరికే రకం 'మోన్‌థోంగ్', అంటే బంగారు తలగడ. పువ్వు విచ్చిన రోజు నుంచి లెక్కపెట్టి సుమారు 110 నుంచి 120 రోజులకు కోస్తారు. ఒకడు చెట్టెక్కి కాయ తొడిమ కోసి వదులుతాడు, కింద ఇంకొకడు గోనెసంచి పరిచి పట్టుకుంటాడు. నేల మీద పడితే కాయ పాడవుతుంది, నెత్తిమీద పడితే మనిషే పాడవుతాడు. ముదిరిందో లేదో కర్రతో తట్టి, చప్పుడు విని చెబుతారు, మన వాళ్ళు పుచ్చకాయ తట్టినట్టు. ప్రభుత్వానికి మాత్రం చప్పుడు చాలదు. గుజ్జును ఎండబెట్టి తూచి చూస్తే, మోన్‌థోంగ్‌లో పొడి పదార్థం కనీసం 32 శాతం ఉండాలని ప్రమాణం పెట్టారు. లేతకాయ కోసి అమ్మితే శిక్ష ఉంటుంది. చెవి చెప్పేదీ తక్కెడ చెప్పేదీ రెండూ ఒకే చోట పనిచేయడం నేను ఆ తోటల్లోనే చూశాను.

మంగుస్తాన్ దగ్గర పిల్లలకు పనికొచ్చే లెక్క ఒకటుంది. ఊదారంగు కాయను తిరగేసి చూస్తే అడుగున పువ్వు రేకుల్లాంటి గుర్తు కనిపిస్తుంది. ఆ రేకులెన్ని ఉంటే లోపల తొనలన్ని ఉంటాయి. కాయ కోయకుండానే పందెం గెలవొచ్చు. ఇవి కాక మనకు తెలిసిన పండ్లు వేరే వేషాల్లో కనిపిస్తాయి. ఫెచ్చబూన్ అనే చోట తీపి చింత పండుతుంది. పిల్లలు చాక్లెట్‌లా చప్పరిస్తారు. మారేడు కాయను చక్రాలుగా తరిగి ఎండబెట్టి, నీళ్ళలో మరగబెట్టి 'నామ్ మతూమ్' అని తాగుతారు. పచ్చిమామిడి ముక్కలకు మనం ఉప్పూకారం అద్దుకుంటే, వాళ్ళు అందులో చక్కెర కూడా కలుపుతారు.

అయితే ఈ పండ్ల వెనక ఒక దిగులు ఉంది. థాయ్ దురియన్ ఎగుమతుల్లో సింహభాగం చైనాకు వెళుతుంది. అక్కడ అడిగేది మోన్‌థోంగ్. ఇంకేముంది, తోటంతా మోన్‌థోంగే. 'కాన్‌యావ్' అంటే పొడవు తొడిమ, 'కదుమ్' అంటే బొత్తాం, 'చనీ' అంటే గిబ్బన్ కోతి. ఇలా రూపాన్ని చూసి, కథలు అల్లుకుని పేరు పెట్టిన పాత రకాలు వెనక్కి పోతున్నాయి. బ్యాంకాక్ ఆనుకుని ఉన్న నోంథబురిలో కాలవలు తవ్వి, ఆ మట్టితో గట్లు పోసి పెంచిన పాత దురియన్ తోటలు ఉండేవి. నగరం పెరిగి కొన్ని పోయాయి, 2011 వరదల్లో నీళ్ళు నిలిచి చాలా చెట్లు చచ్చిపోయాయి. మిగిలిన కొద్ది చెట్ల కాయలను ఇప్పుడు వేలం వేసి అమ్ముతారు. అందరి పెరట్లో ఉన్నన్నాళ్ళూ దానికి వెల లేదు, పోయే ముందు వచ్చింది.

ఈ మాట వినగానే మీకు గుర్తొచ్చేదే నాకూ వచ్చింది. చెరుకురసం, చిన్నరసం, పెద్దరసం, సువర్ణరేఖ, కొత్తపల్లి కొబ్బరి. మన బజారులో బంగినపల్లి, కలెక్టరు తప్ప ఎన్ని కనిపిస్తున్నాయి?

ఇక నా ప్రసంగానికి పేరిచ్చిన పండు. రాంబుటాన్ లిచీకి అన్నలాంటిది. ఎర్రటి కాయ, ఒంటి నిండా జుట్టు. మలయ్ భాషలో రాంబుట్ అంటే జుట్టే. థాయ్‌లో దాన్ని 'న్గో' అంటారు. దాంట్లో అందరూ వెతుక్కుని కొనే రకం పేరు 'న్గో రోంగ్‌రియన్'. రోంగ్‌రియన్ అంటే బడి. బడి రాంబుటాన్! పండు ఎరుపెక్కినా వెంట్రుకల కొసలు ఆకుపచ్చగా ఉంటాయి, కండ గింజను వదిలి శుభ్రంగా వస్తుంది. ఈ పేరెందుకని నేనడిగితే, తోటి ఉద్యోగి ఒకాయన చెప్పాడు. తర్వాత దక్షిణాన సూరత్ థానీ జిల్లాలో నా సాన్ అనే ఊరు వెళ్ళినప్పుడు అదే కథ మళ్ళీ విన్నాను.

1920లలో పెనాంగ్ నుంచి చైనా సంతతికి చెందిన ఒకాయన తగరం గని తవ్వడానికి నా సాన్ వచ్చాడు. ఇల్లు కట్టుకుని, తన ఊరి నుంచి తెచ్చిన రాంబుటాన్ గింజలు ఇంటి చుట్టూ నాటాడు. 1930లలో గని మూసేసి, ఆ స్థలాన్నీ ఇంటినీ విద్యాశాఖకు అమ్మేసి వెళ్ళిపోయాడు. అది ఊరి బడి అయింది. అతను నాటిన చెట్లలో ఒకటి మాత్రం మిగతావాటికి భిన్నంగా కాసింది. గింజ నుంచి మొలిచే చెట్టు తల్లిలాగే కాస్తుందన్న హామీ లేదు కదా, ఈసారి ఆ తేడా మంచివైపు వచ్చింది. బడి ఆవరణలోని ఆ చెట్టు నుంచి అంట్లు కట్టుకుని ఊరంతా, తర్వాత దేశమంతా పెంచారు. 1969లో రాజు భూమిబోల్ ఆ ప్రాంతానికి వచ్చినప్పుడు పండుకు ఒక మంచి పేరు పెట్టమని రైతులు అడిగితే, ఉన్న పేరే బాగుందని అన్నారట. అలా బడి పేరు స్థిరపడిపోయింది. గని పోయింది, గని యజమాని పోయాడు. ఆ రకం మీద బతికే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి.

నేను గమనించింది ఒకటే. ఆ చెట్టు మంచిదని కనిపెట్టిన వాళ్ళు గొప్ప శాస్త్రవేత్తలు కారు. బడికి వచ్చిపోయే మామూలు మనుషులు. స్థలం చేతులు మారినప్పుడు చెట్టు కొట్టేయకుండా ఉంచారు, కాయను రుచి చూశారు, తేడా గుర్తించారు, అంటు కట్టారు.

రెండో కథ కూడా బడిదే. ఈశాన్యంలో ఉదోన్ థానీ నగరం దాటి సుమారు 50 కిలోమీటర్లు వెళితే బాన్ చియాంగ్ అనే పల్లె. అక్కడ ఏ ఇంటికి పునాది తవ్వినా కుండలు బయటపడేవి. లేత పసుపు మట్టి మీద ఎర్రటి సుడుల ముగ్గులు, వేలిముద్రల్లా ఉంటాయి. ఊళ్ళో వాళ్ళకు అవి మామూలే. 1960 ప్రాంతంలో ఆ ఊరి ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయుడు వాటిని పోగుచేసి, ప్రభుత్వ పురావస్తు అధికారికి అప్పగించారు. 1966లో ఒక అమెరికా విద్యార్థి అక్కడ చెట్టు వేరు తట్టుకుని కిందపడి, మట్టిలోంచి కనబడుతున్న కుండ అంచులు చూశాడు. ప్రపంచానికి ఆ ఊరి పేరు తెలిసింది అప్పుడు. అందరూ చెప్పుకునేది ఆ పడిపోయిన విద్యార్థి కథే. నాకు మాత్రం అంతకు ముందు నిలబడి పనిచేసిన ఆ హెడ్‌మాస్టరు గారే ఎక్కువ గుర్తుంటారు.

పేరు తెలియగానే దొంగలూ వచ్చారు. ఇంటి కింద తవ్వి కుండలు అమ్ముకోవడం, నకిలీలు చేయడం మొదలైంది. 1972లో ప్రభుత్వం ఆ తవ్వకాలను, అమ్మకాలను నిషేధించింది. 1974, 75లలో థాయ్ పురావస్తు శాఖ, అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం కలిసి పద్ధతిగా తవ్వాయి. మొదట్లో అక్కడి కంచు ఆరువేల ఏళ్ళ నాటిదన్నారు. తర్వాతి పరీక్షల్లో అంత పాతది కాదని తేలి తేదీలను ముందుకు జరిపారు. పాఠ్యపుస్తకంలో అచ్చయిన తేదీ కూడా మారుతుందని మన సోషల్ మాస్టారికి చెప్పాలి. 1992లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. దేశం దాటిపోయిన కుండల్లో కొన్ని తిరిగొచ్చాయి. కాలిఫోర్నియాలోని ఒక మ్యూజియం 2014లో 500కు పైగా వస్తువులు వెనక్కి పంపింది. ఇప్పుడు ఆ ఊళ్ళో మంచి మ్యూజియం ఉంది. ఊరివాళ్ళు పాత కుండలకు నమూనాలు చేసి, నమూనా అనే చెప్పి అమ్ముకుంటున్నారు.

థాయ్ భాషలో మ్యూజియాన్ని 'ఫిఫిత్‌థఫన్' అంటారు. నోరు తిరగడానికి నాకు నెల పట్టింది. అది సంస్కృతంలోని వివిధ భాండమే. భాండమంటే కుండే కాదు, సామాను కూడా. బ్యాంకాక్‌లో జాతీయ మ్యూజియం ఉంది, 1874లో రాజు చులలోంకోర్న్ కాలంలో మొదలైంది. అక్కడి ద్వారవతి బుద్ధ విగ్రహాల్లో గుప్తుల శైలితో పాటు మన అమరావతి శైలి ప్రభావం ఉందని పండితులు అంటారు; వీలైతే తప్పక చూడండి. కాని నేను చెప్పాలనుకున్నది చిన్నవాటి గురించి.

ఫిత్సనులోక్‌లో సార్జంట్ మేజర్ థవీ అనే ఆయన పెట్టిన జానపద మ్యూజియం ఉంది. ఆయన సైన్యంలో పనిచేశాడు, బుద్ధ విగ్రహాలు పోతపోసే వృత్తి. ప్లాస్టిక్ వచ్చాక జనం పారేస్తున్న చేపల మావులు, ఎలుకల బోనులు, గంపలు, కుండలు, నాగళ్ళు ఏళ్ళ తరబడి పోగుచేసి, తన సొంత స్థలంలో మ్యూజియం చేశాడు. అందులో కొబ్బరి కోరే పీటలే ఒక వరుస. మన కోరుడు పీటలాంటివే; వాళ్ళు దాన్ని కుందేలు ఆకారంలో చెక్కుతారు, పేరు కూడా కుందేలే. ఆ వరుస ముందు మా ఆవిడ పావుగంట నిలబడింది.

చంతబురిలో నది ఒడ్డున పాత చెక్క ఇళ్ళ వీధి ఉంది. అందులో ఒక పెద్ద ఇల్లు శిథిలమవుతుంటే ఊరివాళ్ళు వాటాలు వేసుకుని కంపెనీగా ఏర్పడి, బాగుచేసి, కొన్ని గదుల వసతిగృహంగా నడుపుతున్నారు. లోపల ఆ ఇంటి చరిత్ర, ఊరి చరిత్ర గోడల మీద ఉంటాయి. ఇంజనీరు కంటితో చూస్తే, నిర్వహణ ఖర్చు తనే సంపాదించుకునే కట్టడం అది. అలాంటివే నిలుస్తాయి.

చివరిగా కాంచనబురి. క్వాయ్ నది వంతెన సినిమా మీలో పెద్దలు చూసే ఉంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం థాయ్‌లాండ్ నుంచి బర్మాకు 415 కిలోమీటర్ల రైలు మార్గం వేయించింది. 1942లో మొదలుపెట్టి 1943 అక్టోబరుకల్లా పూర్తి చేశారు. కొండల్ని చేతి పనిముట్లతో కొట్టించిన ఆ వేగానికి లెక్క మనుషుల ప్రాణాల్లో ఉంది. మిత్రరాజ్యాల యుద్ధఖైదీలు 12 వేలకు పైగా చనిపోయారు. ఆసియా కూలీలు అంతకు ఎన్నో రెట్లు చనిపోయారు. మలయా రబ్బరు తోటల నుంచి తోలుకెళ్ళిన వారిలో అత్యధికులు తమిళులు, మన తెలుగువాళ్ళూ ఉన్నారు.

ఆ ఊరి నడిబొడ్డున యుద్ధఖైదీల శ్మశానం ఉంది. దాదాపు 7 వేల సమాధులు. కోసిన గడ్డి, వరుసగా ఫలకాలు, ఎక్కువ వాటి మీద పేరు, దళం, వయసు. ఇరవై మూడు, ఇరవై ఐదు, పంతొమ్మిది. ఎనభై ఏళ్ళ తర్వాత కూడా మనవలు వచ్చి పేరు వెతుక్కుని పూలు పెడతారు. ఎందుకు పెట్టగలుగుతున్నారంటే, ఆ ఖైదీలు చావుల మధ్య కూడా జాబితాలు రాసుకున్నారు, దాచుకున్నారు. మన కూలీలకు ఆ జాబితా లేదు. ఎవరు, ఏ ఊరు, ఎవరి కొడుకు, రాసినవాడు లేడు. ఒక ఆలయ ఆవరణలో పేరులేని వాళ్ళందరికీ కలిపి ఒక స్తూపం ఉంది. వెతుక్కుంటూ వెళ్ళిన మనవడికి అక్కడ తాత పేరు దొరకదు.

ఇక్కడి నుంచి మన బడికి వస్తున్నాను.

మన పెంకుటింటి బ్లాకును వచ్చే వేసవిలో తీసేస్తారని అందరికీ తెలుసు. గోడలు నేనూ చూశాను, తీసేయక తప్పదు. అందులో ఆఫీసు గది బీరువాలో అడ్మిషన్ రిజిస్టర్లున్నాయి. బడి మొదటి రోజు నుంచి చేరిన ప్రతి పిల్లవాడి పేరు, తండ్రి పేరు, ఊరు, వృత్తి, పుట్టినరోజు. ఆ పుట్టినరోజు మాస్టారు అంచనాగా వేసిందైనా సరే, మనలో చాలామందికి అదే ప్రభుత్వం దగ్గర నిలబడిన పుట్టినరోజు. చాలా కుటుంబాల్లో మొదటిసారి పేరు కాగితం మీదికెక్కింది ఆ పుస్తకంలోనే. కింది అరలో రెండు పుస్తకాలకు ఇప్పటికే చెదలు పట్టింది. బ్లాకుతో పాటు బీరువా కూడా లారీ ఎక్కితే, మళ్ళీ రాయగలిగినవాళ్ళు లేరు.

స్వర్ణోత్సవ నిధితో స్వాగత తోరణం కట్టాలని కార్యవర్గంలో ఎక్కువమంది అభిప్రాయం. తోరణం వద్దని నేననను. మన అన్నలు కొందరు దాని కోసం ఇప్పటికే పెద్ద మొత్తాలు ఇచ్చారు, వారి అభిమానాన్ని తక్కువ చేయను. నేను అడిగేది వరుస మార్చమని. తోరణం ఎప్పుడైనా కట్టుకోవచ్చు. రిజిస్టర్లకు మిగిలింది ఈ వేసవి వరకే.

మూడు పనులు చెబుతాను. ఒకటి, ప్రధానోపాధ్యాయులవారి అనుమతితో ప్రతి రిజిస్టరును స్కాన్ చేయించి, అసలు పుస్తకాలకు ఇనుప బీరువా కొనడం. ప్రైవేటు వివరాలు బయటికి పొక్కకుండా చూసే బాధ్యత బడిదే. రెండు, కొత్త భవనంలో ఒక్క గది అడగడం. పాత గంట, సైన్సు లాబ్ త్రాసు, చేతిరాత పత్రికలు, మన ఇళ్ళ అటకల మీదున్న కొలపాత్రలు, కోరుడు పీటలు అందులో పెడదాం. ఏ వస్తువు ఎవరిదో, ఎందుకు వాడేవారో పిల్లలే మన అమ్మానాన్నలను అడిగి రాస్తారు. మూడు, పెంకుటింటి స్థలంలో ఖాళీ మిగిలే చోట మన ప్రాంతపు మామిడి రకాలు ఆరు నాటడం. అంట్లు నేను తెస్తాను. ఒక్కో చెట్టుకు ఒక్కో బ్యాచ్ నీళ్ళ ఏర్పాటు చూడాలి. పేరు బోర్డు మీద దాత పేరు వద్దు, పండు పేరు చాలు.

ఖర్చు అంచనా వేసి కార్యదర్శి గారికి ఇచ్చాను. తోరణం అంచనాలో నాలుగో వంతుకు తక్కువే. తేడా పడితే ఎక్కడ తగ్గించాలో కూడా రాశాను. అది మా వృత్తి అలవాటు. మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో ఈ ప్రతిపాదన చర్చకు పెడుతున్నాను. ఒప్పుకోని వాళ్ళు కూడా దయచేసి ఉండి మాట్లాడండి.

నాతో పాటు చంతబురి నుంచి ఎండబెట్టిన దురియన్, మంగుస్తాన్ ముక్కలు తెచ్చాను. భోజనశాల బయట బల్ల మీద ఉన్నాయి. వాసన భయం లేదు, ఎండబెట్టినవి. ముందు మాస్టార్లు, టీచర్లు తీసుకోవాలి, తర్వాతే మేము.